గౌట్ ఉన్నవాళ్ళు ముందు మానాల్సింది పప్పు కాదు

రాత్రి రెండింటికి దుప్పటి అంచు కాలి బొటనవేలికి తగిలి ప్రాణం పోయినంత పనైందా? దీపం వేసి చూస్తే వేలి మొదట్లో ఎర్రగా, నున్నగా, మెరుస్తూ వాచిందా? అయితే మీరూ మా గౌట్ జట్టులోకి వచ్చినట్టే. రక్తంలోని యూరిక్ యాసిడ్ కీళ్ళలో పలుకులు కట్టి వాపు తెచ్చే జబ్బు ఇది. నాకు మొదటిసారి నలభై నాలుగో ఏట వచ్చింది. తెల్లారేసరికి ఇంటినిండా వైద్యులే. "పప్పు మానెయ్ బావా, టమాటా మానెయ్, పాలకూర గడప తొక్కనివ్వకు" అని మా బావమరిది ఫోన్లో చెప్పాడు. మా అత్తగారు ఆ జాబితాకి వంకాయ, గోంగూర కలిపారు. ఏడాదిపాటు పప్పు ముట్టలేదు. ఆ ఏడాదిలోనే మరో మూడుసార్లు వచ్చింది. పప్పు మానేసినవాణ్ణి ఆదివారం పాయా మానలేదు, శనివారం రాత్రి బీరు మానలేదు, సాయంత్రం పూట చల్లటి తీపి సీసా మానలేదు. పొట్ట సంగతైతే ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నేను డాక్టర్ని కాను. తొమ్మిదేళ్ళుగా ఈ జబ్బుతో కాపురం చేస్తూ, డాక్టర్లని అడిగి, చదివి, కొన్ని తప్పులు చేసి నేర్చుకున్న వరుస ఇది. ఏది ముందు చేయాలో ఏది తర్వాతో తెలిస్తే సగం బాధ తప్పుతుంది.

ముందు అది గౌటేనా అన్నది తేల్చుకోండి

మన దగ్గర రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఒళ్ళునొప్పులని రక్తపరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 7.4 అని వస్తుంది. అంతే, గౌట్ అని పేరు పెట్టేసి ఇంట్లో పప్పు కుక్కర్ అటకెక్కిస్తారు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్ళలో చాలామందికి జన్మలో ఒక్కసారి కూడా గౌట్ రాదు. కీలు ఎప్పుడూ వాయకుండా కేవలం అంకె మాత్రమే ఎక్కువుంటే సాధారణంగా మాత్రలు అక్కర్లేదు. బరువు, షుగరు, బీపీ, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసుకోమని ఆ అంకె చెబుతోందనుకోండి.

రెండో పొరపాటు దీనికి తలకిందులు. నిజంగా గౌట్ వచ్చి వేలు వాచిన రోజునే పరీక్ష చేయిస్తే అంకె మామూలుగా రావచ్చు. "యూరిక్ యాసిడ్ బాగానే ఉంది, ఇది గౌట్ కాదు, బెణికి ఉంటుంది" అని పంపించేస్తారు. నాకు అలాగే జరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాను. నొప్పి పూర్తిగా తగ్గాక రెండు మూడు వారాలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే అసలు అంకె బయటపడుతుంది.

గౌట్‌ది ఒక తీరు. ఉన్నట్టుండి వస్తుంది, ఎక్కువగా ఒక్క కీలుకే వస్తుంది, పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో పతాకస్థాయికి చేరుతుంది, వారం పదిరోజుల్లో దానంతటదే దిగిపోతుంది. బొటనవేలి మొదలు, పాదం పైభాగం, మడమ, మోకాలు దానికి ఇష్టమైన చోట్లు. రెండు చేతుల వేళ్ళూ రోజూ పొద్దున్నే బిగుసుకుపోతుంటే అది వేరే జబ్బు కావచ్చు. కీలులోంచి సూదితో కాస్త నీరు తీసి మైక్రోస్కోపు కింద సూదుల్లాంటి స్ఫటికాలు కనపడితే ఇక అనుమానం ఉండదు. కీలు వాపుతోపాటు చలిజ్వరం కూడా వస్తే కీలులో చీము పట్టిందేమో చూడాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

పొట్టకీ బొటనవేలికీ చుట్టరికం ఏమిటి

ఇది అర్థమైతే తర్వాతి పనులన్నీ తేలిక. మన ఒంట్లో కణాలు పాతబడి విరిగిపోతూనే ఉంటాయి. వాటిలోని ప్యూరిన్లు అనే పదార్థాలు చివరికి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. రోజూ తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా ఒంట్లోంచే వస్తుంది. తిండిలోంచి వచ్చేది మిగతా ఒక వంతే. చాలా జంతువులకు దీన్ని ఇంకా కరిగించి పారేసే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంది. మనకీ చింపాంజీలకీ గొరిల్లాలకీ అది లేదు. అందుకే మన భారమంతా కిడ్నీల మీద పడింది. మూడింట రెండు వంతులు అవే బయటికి పంపాలి, మిగతాది పేగుల దారిన పోతుంది.

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరగదు. పాకం చల్లారితే గిన్నె అంచున చక్కెర పలుకులు కట్టినట్టు ఇది కీళ్ళలో పలుకులు కడుతుంది. చల్లగా ఉండేచోట త్వరగా కడుతుంది. ఒంట్లో చల్లగా ఉండే భాగాల్లో పాదాలు ఒకటి, అందుకే బొటనవేలు ముందు బలవుతుంది.

ఇక పొట్ట. నడుం చుట్టూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, దాంతో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ కిడ్నీ దగ్గరికెళ్ళి, మూత్రంలోకి పోబోయే యూరిక్ యాసిడ్‌ను తిరిగి రక్తంలోకి లాగేలా చేస్తుంది. అంటే బరువు పెరిగినప్పుడు తయారీ పెరుగుతుంది, బయటికి పోయేది తగ్గుతుంది. మీరు ఒక్క ముక్క మాంసం తినకపోయినా ఇది జరుగుతుంది. పుట్టినప్పటినుంచి శాకాహారులై ఉండి గౌట్ తెచ్చుకున్న వాళ్ళని నేనెరుగుదును. వాళ్ళ ఇళ్ళలోనూ ముందు నింద పడేది పప్పు మీదే.

ఆడవాళ్ళకి ముట్లు ఆగేదాకా ఈస్ట్రోజెన్ అనే హార్మోను కొంత కాపు కాస్తుంది, యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడంలో సాయపడుతుంది. ఆ తర్వాత వాళ్ళకీ ముప్పు పెరుగుతుంది. అరవై దాటిన అమ్మకో అత్తకో మడమ వాచి ఎర్రబడితే "వయసు నొప్పులులే" అని వదిలేయకండి, ముఖ్యంగా బీపీకి నీరు తగ్గించే మాత్ర వేసుకుంటున్నట్టయితే.

టేపు తీయండి

తూకం మిషను తర్వాత, ముందు బట్టలు కుట్టే టేపు. పొద్దున్నే పరగడుపున, ఊపిరి వదిలాక, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన కొలవండి. బొడ్డు కింద ప్యాంటు ఎక్కడ ఆగుతుందో అక్కడ కొలిస్తే అందరం సన్నవాళ్ళమే. మన భారతీయులకు మగవాళ్ళైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళైతే 80 దాటితే నడుం ఎక్కువున్నట్టు లెక్క.

తర్వాత బీఎంఐ. కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. నేను మొదట్లో 168 సెంటీమీటర్ల ఎత్తు, 82 కిలోలు, అంటే 29. విదేశీ పట్టికల్లో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మనవాళ్ళకి ఆ గీతలు 23, 25 దగ్గరే గీశారు, ఎందుకంటే సన్నగా కనపడే మనిషికి కూడా మన దగ్గర కొవ్వు పొట్టలోనే చేరుతుంది. "నేనేమీ లావు కాదు, కాస్త పొట్ట ఉందంతే" అనేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. నేనూ అదే అనేవాణ్ణి.

ఈ రెండు అంకెల్నీ గోడ క్యాలెండర్ మీద ఈ రోజు గడిలో రాయండి. నెలకోసారి కొలిచి పక్కన రాయండి. రోజూ తూకం ఎక్కితే పిచ్చెక్కుతుంది.

తగ్గండి, కానీ పరుగెత్తకండి

నా తప్పుల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇక్కడే చేశాను. మేనకోడలి పెళ్ళికి మూడు వారాలుండగా సూటు బొత్తాం పడట్లేదని అన్నం పూర్తిగా మానేసి, రాత్రిళ్ళు ఏమీ తినకుండా పడుకున్నాను. ఆరు కిలోలు తగ్గాను. పెళ్ళిరోజు పొద్దున రెండు కాళ్ళూ వాచాయి. సూటు పట్టింది గానీ బూటు పట్టలేదు. మేనమామ చేయాల్సిన పనులన్నీ హవాయి చెప్పులతో కుర్చీలో కూర్చుని చేశాను.

ఎందుకలా అయిందంటే, కడుపు మాడినప్పుడు ఒళ్ళు కొవ్వు కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. కిడ్నీలో బయటికి పోయే దారి దగ్గర కీటోన్లూ యూరిక్ యాసిడూ పోటీ పడతాయి, యూరిక్ యాసిడ్ వెనకబడి రక్తంలో మిగిలిపోతుంది. దానికితోడు త్వరగా కరిగే కణాల ప్యూరిన్లు అదనం, నీళ్ళు తాగకపోవడం ఇంకో అదనం. కొన్నేళ్ళ కిందట మన రెండు రాష్ట్రాల్లో అన్నం మానేసి కొవ్వు తాగి బతికే పద్ధతి ఊరూరా పాకింది గుర్తుందా? గౌట్ ఉన్నవాళ్ళు అలాంటివాటిని డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఏకాదశి ఉపవాసాలు, శనివారం ఒంటిపూటలు చేసేవాళ్ళు నీళ్ళు, మజ్జిగ, పాలు మానకుండా చేయండి. నిర్జల ఉపవాసం మాత్రం మనకొద్దు. దేవుడికి మన రిపోర్టులు తెలుసు.

ఎంత వేగం మంచిదంటే వారానికి అర కిలో. నెలకి రెండు కిలోలు తగ్గితే బ్రహ్మాండం. మొదటి గమ్యం మీ బరువులో ఇరవయ్యో వంతు, అంటే 80 కిలోల మనిషికి నాలుగు కిలోలు. అది నిలబడ్డాక మరో నాలుగు.

బరువు తగ్గితే నిజంగా ఫలితం ఉంటుందా? దక్షిణాఫ్రికా వైద్యులు 2000లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలన నాకు ఇష్టం. గౌట్ ఉన్న 13 మంది మగవాళ్ళకి ప్యూరిన్లు తగ్గించే పథ్యం కాకుండా ఇన్సులిన్‌ను దారిలో పెట్టే భోజనం ఇచ్చారు: రోజుకి 1,600 క్యాలరీలు, పిండిపదార్థం తగ్గించి, ప్రొటీన్ పెంచి. పదహారు వారాల్లో సగటున 7.7 కిలోలు తగ్గారు. నెలకి సగటున 2.1 సార్లు వచ్చే నొప్పి 0.6కి దిగింది. యూరిక్ యాసిడ్ కూడా సుమారు 9.6 నుంచి 7.9కి వచ్చింది. పదమూడు మందే కాబట్టి దీన్ని పట్టుకుని కొండలు ఎక్కలేం. అయినా రెండు సంగతులు కనిపిస్తున్నాయి. పప్పు లెక్కపెట్టకుండానే నొప్పులు తగ్గాయి. అంత తగ్గినా అంకె 6 కిందికి రాలేదు. ఈ రెండో సంగతి మాత్రల దగ్గర మళ్ళీ కావాలి, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన కంచం. మన ఇళ్ళలో బరువు పెంచేది చాలావరకు తెల్లన్నం, దానితో కలిసొచ్చే నూనె, చక్కెర. అన్నం మానక్కర్లేదు. కుక్కర్లో బియ్యం కొలిచే గ్లాసు పట్టుకుని మీ వాటా ఎంతో ఈ వారం చూడండి, వచ్చే వారం దాంట్లో నాలుగో వంతు తగ్గించండి. ఆ ఖాళీలో కూర పెట్టండి: సొరకాయ, బీరకాయ, దొండకాయ, ఏదైనా. కూర ముందు తిని అన్నం తర్వాత కలుపుకుంటే అన్నం దానంతటదే తగ్గుతుంది. మా ఆవిడ నా కంచం మార్చి చిన్నది పెట్టింది, నాకు నెల తర్వాత తెలిసింది. జొన్నరొట్టె మంచిదే, కానీ దాని పేరు చెప్పి నాలుగు లాగిస్తే అన్నానికీ దానికీ తేడా లేదు. రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకి జరపడం నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది, ఎందుకంటే టీవీ ముందు పకోడీల సమయం పోయింది.

నడక రోజుకి అరగంట. కాలు వాచి ఉన్న రోజుల్లో వద్దు. ముందు పక్క వెడల్పుగా ఉన్న చెప్పులు కొనుక్కోండి. బొటనవేలిని నొక్కే బూట్లు, ఆ వేలికి తగిలే దెబ్బలు కూడా నొప్పిని లేపుతాయి.

గ్లాసులోకి చూడండి

తినేవాటికంటే ముందు తాగేవి మార్చండి. తేలిక, ఫలితం త్వరగా కనపడుతుంది.

చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. ఈ ఫ్రక్టోజు లివర్‌లో ఖర్చవుతున్నప్పుడు కణంలోని శక్తి నిల్వలు విరిగి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. ప్యూరిన్ చుక్క కూడా లేని తీపి పానీయం యూరిక్ యాసిడ్‌ను పెంచే దారి ఇదే. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అమెరికాలో వేలమంది మగవాళ్ళని ఏళ్ళతరబడి గమనించి 2008లో ప్రచురించిన పరిశోధనలో రోజుకి రెండు, అంతకంటే ఎక్కువ తీపి పానీయాలు తాగేవాళ్ళకి గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువని తేలింది. పళ్ళరసాలు కూడా ఆ ముప్పును పెంచాయి. పండు కొరికి తినండి, పిండుకుని తాగకండి. చెరుకురసం, పెళ్ళిళ్ళలో ఇచ్చే రంగు షర్బతులు, కార్టన్ల మామిడి రసాలు, అన్నీ ఈ గుంపే. బెల్లం ఆరోగ్యమని ఒక మాట ఉంది. బెల్లంలో ఎక్కువ భాగం అదే చక్కెర. తేనెలో ఫ్రక్టోజు ఇంకా సూటిగా ఉంటుంది. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు వేసుకునేవాళ్ళు చెంచాకి రండి, తర్వాత అరచెంచాకి. కాఫీ తాగేవాళ్ళకి గౌట్ కాస్త తక్కువని పరిశోధనలు చెప్పాయి కాబట్టి దాన్ని మానక్కర్లేదు, చక్కెర మాత్రం తగ్గించండి. దీనికోసం కొత్తగా అలవాటు చేసుకోనూ అక్కర్లేదు.

మందు సంగతి. బీరు అన్నిటికంటే చెడ్డది, అందులో ఆల్కహాలుతోపాటు ప్యూరిన్లు కూడా ఉంటాయి. "బీరు చలవ, కిడ్నీలు కడుగుతుంది" అనే మాట మన యువకులు ఎక్కడ నేర్చుకున్నారో తెలీదు. విస్కీ, బ్రాందీ దాని తర్వాత. వైనుకి పెద్ద పరిశోధనల్లో అంత మచ్చ రాలేదు గానీ నొప్పి లేపదన్న హామీ దానికీ లేదు. కల్లు చెట్టుదైనా మందే. నొప్పులు తరచుగా వస్తున్నన్నాళ్ళు పూర్తిగా ఆపండి. అన్నీ కుదురుకున్నాక ఎప్పుడైనా ఒకటి అంటే డాక్టరుతో మాట్లాడుకోండి.

నీళ్ళు రోజుకి రెండు, రెండున్నర లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండలో తిరిగేవాళ్ళకి ఇంకా కావాలి. చెమటతో ఒళ్ళు ఎండిపోతే రక్తంలో అంకె పైకెళ్తుంది, అందుకే వేసవి రాత్రులు జాగ్రత్త. మూత్రం లేత పసుపులో ఉందా లేదా చూసుకుంటే చాలు. గుండె, కిడ్నీ జబ్బుండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు ఆ కొలతే పాటించండి. పల్చటి మజ్జిగ మనకి దొరికిన వరం. పాలు, పెరుగు తీసుకునేవాళ్ళకి గౌట్ ముప్పు తక్కువ. వెన్న తీసిన పాలైతే బరువుకీ మంచిది. వంటసోడా కలిపిన నీళ్ళు తాగమని ఎవరైనా చెబితే బీపీ ఉన్నవాళ్ళు అసలు వినకండి, అది ఉప్పు తాగినట్టే.

కూరగిన్నెలో ఏది తీసేయాలి

మాంసాహారులకి ఇది కష్టమైన భాగం. మాది భీమవరం దగ్గర పల్లె, చుట్టూ రొయ్యల చెరువులే. నాకు తెలుసు.

ముందు పూర్తిగా వదలాల్సినవి: లివర్, కిడ్నీ, మెదడు, బోటీ. ముఖ్యంగా లివర్, కిడ్నీల్లో ప్యూరిన్లు మామూలు మాంసంకంటే చాలా ఎక్కువ. వాటి పక్కనే పాయా, బొక్కల సూపు, తలకాయ పులుసు. ప్యూరిన్లు నీళ్ళలో కరుగుతాయి. గంటలతరబడి ఉడికిస్తే ముక్కలోంచి రసంలోకి దిగుతాయి. ఎముకలు అతకడానికి, నీరసం పోవడానికి సూపు తాగమని పెద్దవాళ్ళు గిన్నెలు గిన్నెలు పోస్తుంటారు. గౌట్ ఉన్నవాడికి మాత్రం ముక్క ఒకటి తిని రసం వదిలేయడమే మేలు. రంజాన్ నెలలో హైదరాబాద్ హలీం కూడా అంతే, మాంసం రసమంతా అందులోనే ఉంటుంది. ఒక గిన్నె నలుగురు పంచుకోండి.

చిన్న సముద్రపు చేపలు, నెత్తళ్ళలాంటివి, తాజావైనా ఎండువైనా తగ్గించండి. ఎండు చేపల్లో నీరు పోయి అన్నీ చిక్కబడతాయి, పైగా ఉప్పు. రొయ్యలు, పీతలు పండగకి. మటన్ బదులు కోడిమాంసం తిన్నంతమాత్రాన తప్పించుకున్నట్టు కాదు, అందులోనూ ప్యూరిన్లున్నాయి. కొలత ముఖ్యం. నేను ఒక పూటకి నాలుగు చిన్న ముక్కలు, వారానికి రెండు పూటలు పెట్టుకున్నాను, గ్రేవీ కాకుండా ముక్కలతోనే. మిగతా రోజుల్లో గుడ్డు, పనీర్, పెరుగు. గుడ్డులో ప్యూరిన్లు దాదాపు లేనట్టే, అయినా దాన్ని నిషేధాల జాబితాలో పెట్టేవాళ్ళని చూశాను.

ఇక పప్పు. అమెరికాలో 47,150 మంది మగవాళ్ళని పన్నెండేళ్ళు గమనించి 2004లో ప్రచురించిన పరిశోధనలో మాంసం, సముద్రపు తిండి ఎక్కువ తిన్నవాళ్ళకి గౌట్ ఎక్కువగా వచ్చింది. పప్పులు, చిక్కుళ్ళు, పుట్టగొడుగులు, పాలకూర, కాలీఫ్లవర్ లాంటి ప్యూరిన్లున్న శాకాలు తిన్నవాళ్ళకి అలా ఎక్కువగా రాలేదు. కాబట్టి కందిపప్పు, పెసరట్టు, సాంబారు నిశ్చింతగా తినండి. మాంసం తగ్గించినప్పుడు ప్రొటీన్ అక్కణ్ణించే రావాలి. పాలకూర, టమాటా గింజల భయం ఎక్కువగా ఆక్సలేట్ రాళ్ళ నుంచి వచ్చి మన జబ్బుకి అతుక్కుంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు డాక్టర్ని అడగాలి. ఏదైనా ఒక కూర తిన్న ప్రతిసారీ మీకు నొప్పి వస్తోందంటే క్యాలెండర్ మీద రాసి చూడండి, మూడుసార్లు కుదిరితే మానేయండి. పక్కింటాయనకి పడలేదని మాత్రం మానొద్దు.

మాత్రకి అడ్డం చెప్పకండి

పథ్యం ఎంత గట్టిగా చేసినా యూరిక్ యాసిడ్ సాధారణంగా ఒకటి, కాస్త అటూ ఇటూ తగ్గుతుంది. 9 ఉన్నవాడు 8కి వస్తాడు. పలుకులు కరగాలంటే 6 కిందికి రావాలి, చర్మం కింద గడ్డలు కట్టినవాళ్ళకి 5 కిందికి తేవాలని చూస్తారు. మిగిలిన దూరం మాత్రే నడిపించాలి. చాలావరకు ఇది కిడ్నీల తీరు, పుట్టుకతో వచ్చిన గుణం. "నోరు కట్టుకోలేకపోయావు" అని ఇంట్లో ఎవరైనా దెప్పితే ఈ ముక్క చదివి వినిపించండి.

ఏడాదికి రెండుసార్లో అంతకంటే ఎక్కువో నొప్పి వచ్చినవాళ్ళు, గడ్డలున్నవాళ్ళు, ఎక్స్‌రేలో కీలు దెబ్బతిన్నవాళ్ళు మాత్ర గురించి డాక్టర్ని అడగాలి. ఎక్కువగా అల్లోప్యూరినాల్‌తో మొదలుపెడతారు, రోజుకి 100 మిల్లీగ్రాములు, కిడ్నీ బలహీనంగా ఉంటే అంతకన్నా తక్కువ. తర్వాత రక్తపరీక్ష చూస్తూ మెల్లగా పెంచుతారు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో పాత పలుకులు కరుగుతూ నొప్పులు రావచ్చు. "మాత్ర వేసుకున్నాకే ఎక్కువైంది" అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. దానికోసమే కొన్నాళ్ళు తక్కువ డోసు కాల్చిసిన్ కలిపి ఇస్తారు. ఒంటిమీద దద్దురు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆలస్యం వద్దు.

మీరు వేసుకునే మిగతా మాత్రల చీటీ కూడా చూపించండి. బీపీకి ఇచ్చే నీటిమాత్ర హైడ్రోక్లోరోథయాజైడ్, గుండెకిచ్చే చిన్న డోసు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. లోసార్టాన్ అనే మరో బీపీ మాత్ర కాస్త తగ్గిస్తుంది. ఏదీ మీ అంతట మీరు ఆపకండి, మార్చడం డాక్టరు పని. వాతరక్తానికి (ఆయుర్వేదంలో గౌట్‌కి పేరు) అని పేరులేని పొడులు అమ్మేవాళ్ళ దగ్గర జాగ్రత్త. ఒక్క రోజులో నొప్పి మాయం చేసే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి.

నొప్పి లేచిన రాత్రి

కాలు దిండు మీద ఎత్తుగా పెట్టండి. ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి పావుగంట ఉంచి తీసి, మళ్ళీ పెట్టండి. వేడి కాపడం, నూనె మర్దన చేసే చుట్టాల్ని గుమ్మం దగ్గరే ఆపండి. నీళ్ళు తాగండి. డాక్టరు ముందే రాసిచ్చిన నొప్పి మందు ఉంటే మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెట్టండి, త్వరగా వేసుకుంటే త్వరగా దిగుతుంది. కిడ్నీ జబ్బు, అల్సరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు కొనకండి, అవి కిడ్నీని ఇంకా కుంగదీస్తాయి. ఇప్పటికే అల్లోప్యూరినాల్ వాడుతుంటే నొప్పి వచ్చిందని ఆపకండి. ఆ నాలుగు రోజులూ డైటింగ్ కూడా పక్కన పెట్టి పెరుగన్నం, పప్పన్నం కడుపునిండా తినండి.

వాపు పూర్తిగా దిగిన రెండు మూడు వారాలకు యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), షుగరు పరీక్షలు చేయించి, ఆ కాగితాలతోపాటు నడుం కొలతలు రాసుకున్న క్యాలెండర్ పేజీలు కూడా చించి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.